రెండుంబావు కిలోల మూట

కిందటి వారం ఒక గదిలో ముగ్గురు మనుషులు మాటలు మానేసి, బల్ల మీది కాగితం వంక చూస్తూ కూర్చున్నచోట మనం వారిని వదిలి వచ్చాము. వారం గడిచింది మనకు మాత్రమే. వారికి రెప్పపాటు కాలమైనా గడవలేదు. గోడ గడియారంలో మూడు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. కాగితం బల్ల మీదనే ఉంది. దాని మీద సంతకం ఇంకా పడలేదు.

నడుమ వచ్చి చేరినవారికి నాలుగు మాటలు చెప్పడం మర్యాద. ఆ గది ఒక ప్రసూతి ఆసుపత్రి మూడో అంతస్తులో, రక్తపరీక్షల గదికీ మెట్లకీ మధ్య ఇరికించినట్టు ఉంటుంది. అందులో కూర్చునే ఆవిడ బిడ్డ పుట్టబోయే దంపతులకూ, పుట్టి నెలలైనా నిండనివారికీ డబ్బు విషయంలో తోవ చూపి, గుండె చిక్కబట్టుకునేలా చేస్తుంది. నియామకపత్రంలో ఆ ఉద్యోగానికి ఆర్థిక క్షేమ శిక్షకురాలని బారెడు పేరుంది గాని, ఊడ్చే ఆయా మొదలుకొని పెద్ద డాక్టరు దాకా అందరూ ఆమెను లెక్కలమ్మ అనే పిలుస్తారు.

ఎదుట కూర్చున్నవారిలో భర్త లిఫ్టు మెకానిక్. భార్య పార్సిల్ ఆఫీసులో తూకం గుమాస్తా. పదకొండేళ్ళుగా వచ్చిన ప్రతి మూటనూ కాటా మీద పెట్టి చీటీ రాసే పని కావడంతో, అక్కడ ఆమె పేరే కాటాగా స్థిరపడిపోయింది. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. కాన్పు తరవాత మూడు నెలలు జీతం లేని సెలవు తీసుకుని బిడ్డను కనిపెట్టుకుని ఉండాలని, అందుకు సరిపడా సొమ్మును ఇద్దరూ రెండేళ్ళుగా చీమల్లా కూడబెట్టారు. ఆ సొమ్మునంతటినీ భర్త, భార్యతో ఒక్క మాటైనా చెప్పకుండా, ఒక కింది అంతస్తు ఇంటికి బయానాగా ఇచ్చివేశాడు. దురలవాటు కాదు, దుబారా కాదు. నాలుగంతస్తుల మెట్లెక్కి వచ్చిన భార్య గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఆయాసపడడం చూడలేక చేసిన పని. ప్రేమతో చేసిన పొరపాటును తిట్టడానికి మాటలు దొరకవు. దొరకకపోవడం వల్ల కోపం రెట్టింపవుతుంది.

బల్ల మీది కాగితం ఆ కోపంలోంచే వచ్చింది.

"పదిహేనో రోజున పనిలోకి వస్తే పూర్తి జీతం. పెద్ద గుమాస్తా కుర్చీ కూడా నాకే," అంది కాటా. "రాకపోతే జీతమూ లేదు, కుర్చీ ఇంకొకరికి. నాలుగింటికల్లా కాగితం ఇచ్చెయ్యాలి. ఇందులో ఆలోచించడానికి ఏముందండీ?"

"ఉంది," అన్నాడు మెకానిక్.

"నువ్వు ఆలోచించే ఇంతదాకా తెచ్చావు. ఇంక నన్ను సంతకం పెట్టనీ."

"పదిహేను రోజుల పిల్లని ఎవరు చూస్తారు?"

"మీ అమ్మ చూస్తుంది. అడిగాను. సరేనంది."

"ఎన్నాళ్ళు?"

"అవన్నీ తరవాత. ముందు పూట గడవాలి కదా."

అప్పుడే ఎవరో ఆయా తొంగిచూసి, గదిలో మనుషులున్నారని గ్రహించి తప్పుకుంది. ఆమె వదిలిన తలుపు దభాలున కొట్టుకుంది. కాటా ఉలిక్కిపడి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. మెకానిక్ చివాలున లేచి తలుపు దగ్గరికి నడిచాడు.

"ఈ స్ప్రింగు ఎప్పుడో చచ్చిపోయింది మేడమ్. వచ్చిన మొదటి రోజు నుంచీ చూస్తున్నాను."

"చూశారా," అంది కాటా, లెక్కలమ్మతో. "ఇక్కడ కాపురం మరలూడిపోయి పడుంటే, ఈయన తలుపు బిగించడానికి వెళ్తున్నాడు. ఊళ్ళో వాళ్ళందరినీ కూర్చోబెట్టి పైకెక్కిస్తాడు. నేను మాత్రం నాలుగంతస్తులు కాళ్ళీడ్చుకుంటూ ఎక్కాలి."

"అందుకే కదా కింది ఇల్లు..."

"ఆ ఇంటి మాట ఎత్తకు."

అతడు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి తలుపు నెత్తిన ఉన్న ఇనుప చెయ్యిని ఊడదీశాడు. చేతులకు పని దొరికితే గాని కొందరు మగవాళ్ళకు కన్నీళ్ళు ఆగవు. లెక్కలమ్మకు ఆ సంగతి తెలుసు. కనుక ఊరుకుంది.

"ఇక కొట్టుకోదు," అన్నాడు వచ్చి కూర్చుంటూ. "కాకపోతే మూసుకోదు కూడా. ఓ జానెడు తెరుచుకునే ఉంటుంది. రేపు కొత్తది తెచ్చి వేస్తాను."

"పోనీలే నాయనా. ఈ వేళప్పుడు వరండాలో ఎవరుంటారు," అంది లెక్కలమ్మ.

ఆమె మనస్సులో ఒక మూల మరొక ఆలోచన మెదిలింది. మధ్యాహ్నం అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, మూడున్నరకి నీ గదికి వస్తా. నీతో పనుంది. అమ్మకి చెప్పకు," అంది. మూడున్నరకు ఇంకా వ్యవధి ఉంది కదా అని లెక్కలమ్మ ఆ ఆలోచనను పక్కకు జరిపింది.

ఆ గదికి ఒక ఆచారం ఉంది. ఎవరు డబ్బు గురించి మాట్లాడినా, మాట్లాడినంతసేపూ ఒక మూటను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలి. ఇసుకా దూదీ కలిపి, పాత దుప్పటి గుడ్డతో లెక్కలమ్మ స్వయంగా కుట్టిన మూట అది. "మూడు కిలోలు. మామూలుగా పుట్టిన బిడ్డ బరువు," అని చెప్పి అందరి చేతిలోనూ పెడుతుంది. చేతిలో చంటిబిడ్డంత బరువున్న మనిషి గొంతు పెంచలేడు. పెంచబోయినా మోచెయ్యి అడ్డం వస్తుంది. కాసేపటికి అరచెయ్యి తనంతట తానే జోకొట్టడం మొదలుపెడుతుంది. ఎనిమిదేళ్ళలో ఆ మూటను పట్టుకుని అరిచినవాడు ఒక్కడే. అతడు కూడా అరిచాక మూట వంక చూసి, దుప్పటి అంచు సర్దాడు.

ఆ గదికి మరొక నియమమూ ఉంది. అది లెక్కలమ్మ తనకు తానే విధించుకున్నది: దారులన్నీ చూపించాలి, చెయ్యి పట్టుకుని ఏ దారిలోకీ లాగకూడదు. తన కథ ఎవరికీ చెప్పకూడదు.

ఇంతవరకు జరిగిన మూడు కలయికలలోనూ మూటను పట్టుకున్నది మెకానిక్కే. కాటా ప్రతిసారీ, "రేపు ఎలాగూ మొయ్యాలి కదండీ, ఇప్పటినుంచీ ఎందుకు" అని తప్పించుకుంది. ఇవాళ మాత్రం చేతులు చాచింది.

"ఇలా తే. నా వంతు నేనూ మాట్లాడతాను. ఆ తరవాత సంతకం పెట్టి వెళ్ళిపోతాను."

భర్త బల్ల మీది మూటను తీసి అందించాడు. ఆమె మాట్లాడడానికి నోరు తెరిచి, తెరిచిన నోటితోనే ఆగిపోయింది. మూటను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది. మళ్ళీ కుడిచేతిలోకి తెచ్చుకుంది. కళ్ళు మూసుకుని కొంచెంగా పైకెత్తి దించింది.

"ఇది మూడు కిలోలు కాదు," అంది.

లెక్కలమ్మ బల్ల మీది కలాన్ని తీసి మూత పెట్టింది.

"రెండుంబావు. మహా అయితే పది గ్రాములు అటూ ఇటూ."

"తప్పయ్యే ప్రశ్నే లేదండీ," అన్నాడు మెకానిక్, ఆ దుఃఖంలోనూ కొంచెం గర్వంగా. "బజారులో ఈవిడ వస్తుంటే తూకంలో చెయ్యిపెట్టేవాళ్ళు దుకాణం కట్టేస్తారు."

"పాతదైపోయిందమ్మా," అంది లెక్కలమ్మ. "ఇసుక కారిపోయి ఉంటుంది."

కాటా మూటను తిప్పి, నాలుగు అంచుల మీదా వేలు పోనిచ్చింది. "కుట్లు చెక్కుచెదరలేదండీ. కారిన మూట ఒక పక్క వదులవుతుంది. ఇది కుట్టిననాడు ఎంతో ఇవాళా అంతే. మూడనుకుని నింపితే కాస్త ఎక్కువో తక్కువో వస్తుంది గాని ముప్పావు కిలో తగ్గదు. తెలిసి ఆపిన చెయ్యి ఇది." ఆమె గొంతు తగ్గింది. "ఎవరి బరువండీ?"

ఎనిమిదేళ్ళుగా ఎన్ని వందలమందో ఎత్తుకున్నారు ఆ మూటను. డాక్టర్లు ఎత్తుకున్నారు, నర్సులు ఎత్తుకున్నారు. ఒక్కరూ అడగలేదు. కుట్టిననాటి సాయంత్రం లెక్కలమ్మకు జ్ఞాపకం వచ్చింది. మూడు కిలోలు నింపాలనే కూర్చుంది. గుప్పెడు గుప్పెడుగా ఇసుక పోస్తూ, మధ్యమధ్య ఎత్తి చూసుకుంటూ, ఒకచోట చేతులు "ఇక చాలు" అన్నాయి. త్రాసులో పెడితే సరిగ్గా రెండుంబావు. మరొక గుప్పెడు పోయడానికి చెయ్యి ఆడలేదు. అలాగే కుట్టేసింది.

"ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా. నీకు నాలుగింటికల్లా..."

"నా సంగతులన్నీ మీరు అడిగారు. నేను ఒక్కటి అడిగాను." కాటా లేచి, బల్ల చుట్టూ నడిచి వచ్చి, మూటను ఆవిడ ఒళ్ళో పెట్టింది. "పట్టుకుని చెప్పండి. పద్ధతి మీదే కదా."

లెక్కలమ్మ ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చుని మూటను ఒళ్ళోకి తీసుకోలేదు. ఇచ్చేది, పుచ్చుకునేది, అంతే. ఇప్పుడు రెండు చేతులూ దాని చుట్టూ ఎలా చేరాయో ఆమె చూడలేదు.

"నా బిడ్డ బరువే," అంది. "నెల ముందు పుట్టింది."

కాటా తిరిగి తన కుర్చీలో కూర్చునేదాకా ఆగి, మిగిలింది చెప్పసాగింది.

"అప్పట్లో నేను బ్యాంకులో పనిచేసేదాన్ని. ఆయన మిల్లు మూసేస్తే, వేరే ఊళ్ళో పని వెతుక్కుంటున్నారు. పదిహేను రోజుల్లో రాకపోతే నా చోటు ఉండదన్నారు. పన్నెండో రోజే వెళ్ళాను. నోట్లు లెక్కపెడుతుంటే పాలు వచ్చి బట్టలు తడిసిపోయేవి. ఫైలు అడ్డం పెట్టుకుని లెక్కపెట్టేదాన్ని."

"బిడ్డో?" అన్నాడు మెకానిక్.

"మా అక్క తీసుకెళ్ళింది. అక్కకి పిల్లల్లేరు. నలభై రోజులు చూసుకుంటానంది. తల్లి తరవాత తల్లి కదా పెద్దమ్మ. రెండుంబావు కిలోల పిల్లని దూదిలో పెట్టి, రాత్రీ పగలూ ఒళ్ళో వేసుకుని కాపాడింది. నలభై రోజులు కాస్తా నాలుగు నెలలయ్యాయి. ఆయనకి పని దొరికిందని కబురొస్తుందని చూస్తుంటే, జ్వరంతో పోయారని వచ్చింది. ఆ తరవాత..." అక్కడ ఆవిడ ఒక్క క్షణం తడబడింది. చెప్పవలసినది మరొకటి నాలిక చివరి దాకా వచ్చినట్టే వచ్చింది. దాన్ని మింగి, కథను ఒక అడుగు ముందుకు దాటించింది. "ఆ తరవాత పిల్లకి మాటలొచ్చాయి. అక్కని చూసి అమ్మా అంది. నన్ను చూపించి, పిన్ని అని అక్క నేర్పింది. పిల్ల ముద్దుగా పలికింది. దిద్దడానికి నాకు నోరు రాలేదు."

"ఇప్పుడు?" అంది కాటా.

"ఇరవై ఆరేళ్ళు. బంగారంలాంటి పిల్ల. పెళ్ళైంది. ఇప్పటికీ పిన్నీ అనే పిలుస్తుంది. తనకి తెలియదు."

కాటా కళ్ళు తుడుచుకోలేదు. వాటిని వాటి మానాన వదిలివేసింది. "అయితే నన్ను పనిలోకి వెళ్ళొద్దంటారా?"

"అనను. నేను ఆరోజు వెళ్ళకపోతే ఆ బిడ్డకి మందులు లేవు. వెళ్ళడం తప్పు కాదమ్మా. మా లెక్క కూడా సరిగ్గానే వచ్చింది. ఒక్క వరుస రాయడం మరిచిపోయాం." మూట మీద అరచెయ్యి మెల్లగా కదులుతూనే ఉంది. "బిడ్డని ఏ తేదీన వెనక్కి తెచ్చుకోవాలో రాసుకోలేదు. అవన్నీ తరవాత అనుకున్నాం. నువ్వు ఇందాక అన్నట్టే."

మెకానిక్ ఒక నిట్టూర్పు విడిచి, జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరినీ అడగకుండానే, ఆ ఇల్లు గలావిడకు చేశాడు. ఆవిడ బడి పంతులమ్మగా ముప్పయ్యేళ్ళు చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి; ఫోన్‌లోనూ తరగతి గదికంతటికీ వినబడేటట్టే మాట్లాడుతుంది.

"అమ్మగారూ, బయానా విషయం. మొత్తం మా ఆవిడకి తెలియకుండా ఇచ్చేశానండీ."

"బుద్ధుందా నీకు?" అంది ఫోన్.

"లేదండీ," అన్నాడు మెకానిక్.

కాటా ముఖం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం నవ్వుతో కదిలాయి.

"సగమైనా తిరిగి ఇప్పించండి. ఇంట్లోకి రెండు నెలలాగి వస్తాం. పిల్ల పుడుతోంది."

ఫోన్ బేరానికి దిగింది. "మా మేడకి లిఫ్టు మూలపడి ఏడాదైంది. పైవాళ్ళు నన్ను దుమ్మెత్తిపోస్తున్నారు. బాగుచేసి పెడతావా?"

"కొత్త పెళ్ళికూతురిలా చేసి పెడతాను."

"అలంకారాలొద్దు. ఎక్కి దిగితే చాలు. రేపొచ్చి సగం పట్టుకుపో. మీ ఆవిడని కూడా తీసుకురా. ఈసారి డబ్బు ఆవిడ చేతికే ఇస్తాను."

ఫోన్ పెట్టేసి అతడు భార్య వంక చూశాడు. "అప్పటిదాకా నాలుగంతస్తులూ బిడ్డని నేనే మోస్తాను. కావాలంటే నిన్ను కూడా."

"నన్ను మొయ్యడానికి నీ లిఫ్టు తాడు కూడా చాలదు," అంది కాటా. ఆ వారంలో అతడితో కోపం లేకుండా ఆమె అన్న మొదటి మాట అది.

ఆమె కలం మూత తీసింది. కాగితంలో 'పదిహేను రోజులు' అని ఉన్నచోట నిదానంగా ఒక గీత గీసి, పైన 'నలభై ఐదు' అని రాసింది. పక్కనే తేదీ కూడా వేసి సంతకం పెట్టింది.

"సగం డబ్బు చేతికొస్తే నెలన్నర నేను బిడ్డ దగ్గర ఉండొచ్చు. అంతే కదండీ లెక్క?"

"అంతే. కుర్చీ ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే పాత బల్ల దగ్గరే నిలబడి తూస్తాను. తూకం తక్కువని తెలిసీ సరుకు పుచ్చుకోవడం నాకు చేతకాదు." కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మీరు ఆ అమ్మాయికి ఎప్పుడు చెప్తారు?"

"తేదీ రాసుకోలేదన్నాను కదమ్మా."

కాటా చేతిలోని కలాన్ని ఆవిడ ఎదుట బల్ల మీద పెట్టింది. "రాసుకోండి మరి," అని భర్త భుజం ఆసరాగా పట్టుకుని బయటికి నడిచింది.

లెక్కలమ్మ మూటను బల్ల మీద పెట్టి, కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ ఉంది. వరండాలోంచి మెకానిక్ గొంతు వినవచ్చింది. "మేడమ్, మీకోసం ఎవరో కూర్చున్నారండీ."

ఆమె తల తిప్పింది. జానెడు తెరుచుకుని ఉన్న తలుపుకు ఆనుకునే ఉంటుంది వరండాలోని బెంచీ. అక్క కూతురు దాని మీద కూర్చుని ఉంది. మూడున్నరకు వస్తానన్న పిల్ల; ఇంకా మూడుంబావే. ఆమె చేతిలో టీ కప్పు ఉంది. ఒక్క గుక్కైనా తాగలేదు. పైన మీగడ కట్టి, కదలకుండా ఉంది. టీ మీద మీగడ కట్టడానికి ఎంతసేపు పడుతుందో లెక్కలమ్మ వంటి మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అమ్మాయి లేచింది. కప్పును బెంచీ మీద జాగ్రత్తగా దింపింది. లోపలికి వచ్చి, కాటా ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. ఆమె ఒళ్ళో ఒక ఫైలు ఉంది. దాని మూలన రెండో అంతస్తు గర్భిణుల విభాగం వేసే నీలిముద్ర ఉంది. ఆ ఫైలును బల్ల మీదికి జరిపి, మారుగా మూటను తీసుకుంది. ఎత్తి చూసింది. భుజానికి ఆనించుకుంది. ఎవరూ చెప్పకుండానే ఆమె అరచెయ్యి దాన్ని జోకొట్టసాగింది.

ఎన్నడూ పిన్నీ అనే పిలుపు లేకుండా మాట మొదలుపెట్టని పిల్ల, ఆ రోజు పిలుపు లేకుండానే మొదలుపెట్టింది.

"ఒక్క మాట చెప్పి వెళ్దామని వచ్చాను. అది ఆ ఫైల్లో ఉంది. ఇప్పుడు ఒకటి అడగాలి కూడా."

"అడుగు తల్లీ."

"ఇది పట్టుకుని అరవకూడదట కదా. అరవను." ఆమె గొంతు నిజంగానే పైకి లేవలేదు. "నలభై రోజులన్నావు. నాలుగు నెలలన్నావు. ఆ తరవాత నన్ను తెచ్చుకోవడానికి ఒక్కసారైనా వచ్చావా?"

ఇందాక మింగిన మాట లెక్కలమ్మ గొంతులో అడ్డంగా నిలబడింది. ఇరవై ఆరేళ్ళుగా అది అక్కడే ఉంది. అక్క చేసిన ఉపకారం ముందు ఆ మాట కృతఘ్నత అవుతుందని, తనకు తాను కూడా బిగ్గరగా చెప్పుకోని మాట అది. చెబితే ఈ పిల్లకు ఒక తల్లి దొరుకుతుందో, ఉన్న తల్లి పోతుందో ఏ లెక్కా తేల్చలేదు. కాని మూట ఆ పిల్ల చేతిలో ఉంది. ఆ గదిలో మూట ముందు అబద్ధం ఆడబోయి ఆమె ఇవాళ ఒకసారి ఓడిపోయింది.

"వచ్చాను," అంది లెక్కలమ్మ. "నీకు అయిదో నెల. ఉయ్యాల కూడా కొనుక్కుని వచ్చాను. లోపల నువ్వు ఏడుస్తున్నావు, గుమ్మంలోకి వినిపిస్తోంది. పొద్దుగూకేదాకా నిలబడ్డాను."

అమ్మాయి జోకొట్టడం ఆపింది.

"మీ అమ్మ తలుపు తియ్యలేదు."